గాలివాటమా, ప్రకృతి వరణమా? అడవి జంతువుల డీఎన్ఏతో పరిణామాన్ని పరీక్షించడం ఎలా

"సార్, మా దగ్గర పది స్కాట్ శాంపిళ్లు ఉన్నాయి. సీక్వెన్సింగ్‌కి ఎక్కడ పంపాలి?"

ప్రాజెక్టుల సీజన్ మొదలైతే చాలు, జువాలజీ, బయోటెక్నాలజీ పిల్లల దగ్గర్నుంచి ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. స్కాట్ అంటే అడవి జంతువు మలం, సీక్వెన్సింగ్ అంటే అందులోని డీఎన్ఏ అక్షరాలను చదివించడం. ప్రతిసారీ నా జవాబు ఒకటే: ఇప్పుడే పంపకండి. శాంపిల్ కంపెనీకి చేరాక జరిగేది డబ్బిస్తే అయిపోయే పని. ఫలితం చెడేది అంతకు ముందు అడవిలో, ఆ తర్వాత గ్రాఫు చూసి సంబరపడేటప్పుడు. కాబట్టి ఆ రెండు చోట్లే ఎక్కువసేపు ఆగుతాను.

చెప్పేదానికి ఒక ఉదాహరణ ఉంటే మేలు. ఒడిశాలోని సిమిలిపాల్ పులుల అభయారణ్యంలో 2021 నాటి లెక్క ప్రకారం సుమారు 37 శాతం పులులకు చారలు వెడల్పై, ఒకదానితో ఒకటి కలిసిపోయి, ఒళ్లంతా నల్లగా కనిపించేది. అప్పటికి ఇలాంటివి అడవిలో ఇంకెక్కడా కెమెరా ట్రాప్‌లకు చిక్కలేదు. వినగానే అందరికీ తట్టే కథ ఒకటుంది: "అడవి దట్టం కదా, నల్లవి బాగా దాక్కుంటాయి, అందుకే పెరిగాయి." బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ (నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్) శాస్త్రవేత్తలు, సహచరులతో కలిసి 2021లో ప్రచురించిన పరిశోధన ఆ కథను నమ్మేయకుండా లెక్క వేసి చూసింది. వాళ్ల అంకెలను మీచేత కూడా లెక్క వేయిస్తాను.

కావలసినవి

- ఒక్క వాక్యంలో రాసిన ప్రశ్న
- అటవీశాఖ అనుమతి పత్రాలు
- మూత గట్టిగా బిగిసే ట్యూబులు, 95 శాతానికి పైబడిన ఇథనాల్, సిలికా జెల్, గ్లవ్స్, పెన్సిల్, జీపీఎస్ ఉన్న ఫోన్
- డీఎన్ఏ తీసే కిట్, ప్రొటీనేజ్ కె, క్యూబిట్ యంత్రం, జెల్ పెట్టె
- లినక్స్ కంప్యూటర్ లేదా యూనివర్సిటీ సర్వర్‌లో అకౌంట్, కొన్ని టెరాబైట్ల నిల్వ
- పబ్లిక్ డేటాబేస్ నుంచి దించుకున్న రెఫరెన్స్ జీనోమ్ (ఆ జాతి డీఎన్ఏ మొత్తానికి నమూనా ప్రతి)
- గణాంకశాస్త్రం తెలిసిన స్నేహితుడు (ఉంటే అదృష్టం)

డబ్బు లేదా? పబ్లిక్ డేటాబేసుల్లో ఎన్నో జంతువుల రీడ్లు (సీక్వెన్సింగ్ యంత్రం చదివిన డీఎన్ఏ ముక్కలు) ఉచితంగా ఉన్నాయి. వాటిని దించుకుని ఆరో అడుగు నుంచి మొదలుపెట్టండి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు అది చాలు. డబ్బున్నవాళ్లు కూడా ముందు అలా చేయి తిప్పుకోవడం మంచిది.

1. ప్రశ్నను బట్టి పద్ధతిని ఎంచుకోండి

"పులుల్లో పరిణామాన్ని అధ్యయనం చేస్తాం" అనేది ప్రశ్న కాదు. "సిమిలిపాల్‌లో నల్ల చారల జన్యురూపం ఇంత ఎక్కువ కావడానికి గాలివాటం ఒక్కటే సరిపోతుందా?" అనేది ప్రశ్న. గాలివాటం అంటే క్లాసులో చదివిన జెనెటిక్ డ్రిఫ్టే: ఏ లాభనష్టాలూ లేకుండా, కేవలం అదృష్టం కొద్దీ ఒక జన్యురూపం (జన్యువుకున్న వేర్వేరు రూపాల్లో ఒకటి, అల్లీల్) పెరగడమో తగ్గడమో. ప్రకృతి వరణం, అంటే నాచురల్ సెలెక్షన్, అలా కాదు: లాభం ఉన్న రూపం ఆ లాభం వల్లే పెరుగుతుంది.

ఏ జాతి, ఏ తల్లి వంశం అన్నది మాత్రమే కావాలంటే మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ బి లాంటి ఒక జన్యువును మామూలు శాంగర్ పద్ధతిలో చదివిస్తే చాలు. దాంతో ప్రకృతి వరణం గురించి మాట్లాడకండి, అది తల్లి వైపు కథ ఒక్కటే చెబుతుంది. జనాభాలు ఎంత వేరుపడ్డాయో చూడాలి, రెఫరెన్స్ జీనోమ్ లేదు అంటే జీనోమ్‌లో కొన్ని ముక్కలనే ఎంచి చదివే డీడీ-రాడ్ పద్ధతి. నాణ్యత లేని శాంపిళ్లే దిక్కయితే, ముందే ఎంచుకున్న కొన్ని పదులో వందలో స్నిప్‌లను (జంతువుకూ జంతువుకూ ఒక్క అక్షరం తేడా ఉండే చోట్లను) పీసీఆర్‌తో, అంటే ఆ ముక్కల నకళ్లను పెంచి, చదివే ప్యానెల్. ఏ జన్యువు మారిందో వెతకాలంటే మొత్తం జీనోమ్.

సిమిలిపాల్ బృందం రెండు పద్ధతులు కలిపింది. జూ పులుల వంశవృక్షాలు, వాటి పూర్తి జీనోములు చూసి టాక్‌పెప్ అనే జన్యువులోని మార్పును పట్టుకుంది. తర్వాత అడవి పులులను ముట్టుకోకుండా, అవి వదిలిన ఆనవాళ్లలో ఆ మార్పు ఉందా లేదా అని చూసింది. ఖరీదైన పని మంచి శాంపిళ్ల మీద, చౌక పని ఎక్కువ శాంపిళ్ల మీద. ఈ ఏర్పాటు మీరూ వాడుకోవచ్చు.

2. అనుమతులు ముందు, అడవి తర్వాత

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో "వేట" అన్న మాటకు అర్థం చాలా విశాలం. జంతువును పట్టుకోవడం, దాని ఒంట్లోంచి ఏ భాగమైనా తీసుకోవడం కూడా దాని కిందికే వస్తాయి. రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి లేకుండా అభయారణ్యంలోకి గరిట పట్టుకుని వెళ్లకండి. "మలమే కదా" అనుకోకండి, దానికీ కాగితం కావాలి. కాగితం చేతికి రావడానికి నెలలు పట్టవచ్చు, కాబట్టి ప్రాజెక్టు క్యాలెండర్‌లో మొదటి గడి దీనిదే.

శాంపిల్ దేశం దాటుతుందేమో సీక్వెన్సింగ్ కంపెనీని రాతపూర్వకంగా అడగండి. ఇక్కడ తీసుకుని బయటి దేశంలో చదివించే కంపెనీలున్నాయి. అలాంటప్పుడు జీవవైవిధ్య చట్టం, 2002 వర్తిస్తుంది, అంతరించే జాతులైతే సైటిస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారంపై ఒప్పందం) నిబంధనలూ తోడవుతాయి.

3. శాంపిల్ సేకరణ

*కణజాలం:* పెసర గింజంత ముక్క చాలు. దానికి కనీసం ఐదు రెట్లు ఇథనాల్ పోయండి. మరుసటి రోజు ఆ ఇథనాల్ పారబోసి కొత్తది పోయండి, ఎందుకంటే ముక్కలోని నీరు మొదటి ఇథనాల్‌ను పలచన చేస్తుంది. ఫార్మలిన్ వద్దు. హ్యాండ్ శానిటైజర్ వద్దు.

*రక్తం:* ఈడీటీఏ ఉన్న ఊదా మూత ట్యూబు. హెపారిన్ ట్యూబు వాడితే తర్వాత పీసీఆర్ మొరాయిస్తుంది. పక్షులు, సరీసృపాల ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉంటుంది కాబట్టి ఒకటి రెండు చుక్కలు సరిపోతాయి. క్షీరదాలకు అది లేదు, డీఎన్ఏ తెల్లకణాల నుంచే రావాలి, అందుకే ఎక్కువ రక్తం కావాలి.

*మలం:* వీలైనంత తాజాది. పేగు గోడ కణాలు అంటుకుని ఉండేది పైపొరకే, కాబట్టి పైపైన మాత్రమే గీకండి లేదా స్వాబ్‌తో తుడవండి. లోపలిదంతా ఆ జంతువు తిన్న దుప్పి వెంట్రుకలు, ఎముకలు. మొత్తం ఉండను సంచిలో వేసుకొచ్చేవాళ్లను చూశాను, ల్యాబ్‌లో అది తెరిచిన రోజు అందరికీ సెలవే.

*వెంట్రుకలు, ఈకలు:* కుదురుతో ఊడినవే పనికొస్తాయి.

లేబుల్ సంగతి నా సొంత అనుభవం. మొదటి ఏడాది నలభై ట్యూబుల మీద మార్కర్ పెన్నుతో నీటుగా రాశాను. దారిలో రెండు ట్యూబుల్లోంచి ఇథనాల్ కారింది. ల్యాబ్‌కు చేరేసరికి పెట్టెలో నలభై తెల్లటి ట్యూబులు, ఒక్కదాని మీదా అక్షరం లేదు. అప్పటినుంచి పెన్సిల్‌తో రాసిన చిన్న కాగితం ముక్కను ట్యూబు లోపలే వేస్తాను. పెన్సిల్ గీత ఆల్కహాల్‌కు చెరగదు. బయట కోడ్, లోపల కోడ్, నోట్‌బుక్‌లో కోడ్, లేబుల్‌తో సహా ఫొటో. చాదస్తమనుకున్నా సరే.

ఎన్ని శాంపిళ్లు? జన్యురూపాల నిష్పత్తులు పోల్చాలంటే ఒక్కో జనాభా నుంచి 20 నుంచి 30 వేర్వేరు జంతువులు లక్ష్యంగా పెట్టుకోండి. జంతువులు అన్నాను, ట్యూబులు అనలేదు. ఒకే దారిలో దొరికిన పది మలాలు ఒకే పులివి కావచ్చు.

4. డీఎన్ఏ తీయండి, పంపే ముందు పరీక్షించండి

కిట్‌లోని పద్ధతే పాటించండి. ప్రొటీనేజ్ కె వేశాక 56 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచితే కణజాలం బాగా కరుగుతుంది. బల్లను పలచటి బ్లీచ్‌తో తుడవండి, ఒట్టి ఆల్కహాల్ డీఎన్ఏను చంపదు. ప్రతి విడతలో శాంపిల్ లేని ఖాళీ ట్యూబు ఒకటి తప్పక నడపండి. అందులో డీఎన్ఏ కనిపిస్తే ఆ విడత మొత్తం అనుమానమే.

పరీక్షలు మూడు. క్యూబిట్‌తో ఎంత ఉందో చూడండి. కాంతితో కొలిచే నానోడ్రాప్ యంత్రం ఇచ్చే అంకె ఆర్ఎన్ఏను కూడా కలుపుకుంటుంది, దాన్ని శుభ్రత చూడటానికే వాడండి: 260/280 నిష్పత్తి 1.8 చుట్టూ, 260/230 రెండు చుట్టూ ఉండాలి. మూడోది జెల్. పైన గట్టి గీత కనిపిస్తే శుభం, కింది దాకా పొగలా జారితే ముక్కలైపోయిందని అర్థం.

మలం విషయంలో ఈ మూడూ మోసం చేస్తాయి. క్యూబిట్ చూపించేదాంట్లో ఎక్కువ భాగం బ్యాక్టీరియాదే. పులి జీనోమ్ సుమారు 2.4 గిగాబేసులు, అంటే 240 కోట్ల అక్షరాలు. పది రెట్ల కవరేజీకి, అంటే ఒక్కో అక్షరాన్ని సగటున పదిసార్లు చదవడానికి, 24 గిగాబేసుల డేటా చాలు. కానీ మీ శాంపిల్‌లో పులి డీఎన్ఏ 2 శాతమే ఉంటే, ఆ 24 కోసం 1,200 గిగాబేసులు కొనాలి! అందుకే ముందు కొద్దిపాటి రీడ్లు చదివించి, వాటిలో ఎన్ని పులి జీనోమ్‌కు అతుకుతాయో చూడండి. తక్కువైతే స్నిప్ ప్యానెల్‌కు మారండి, లేదా ఆ జంతువు డీఎన్ఏను మాత్రమే వలవేసి పట్టే కాప్చర్ పద్ధతి వాడండి.

ఇంకో రెండు ఉచ్చులు. అన్ని జంతువులకూ పనిచేసే యూనివర్సల్ ప్రైమర్లు (పీసీఆర్ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కలు) జాతి గుర్తింపుకు బంగారం. హైదరాబాద్ సీసీఎంబీ చేసిన అలాంటి ప్రైమర్లు వన్యప్రాణి నేరాల కేసుల్లో జాతిని తేల్చడానికి పనికొస్తాయి. కానీ మలం మీద వాడితే పులికి బదులు అది తిన్న దుప్పిని చదివి పెట్టవచ్చు. రెండోది, పిల్లి కుటుంబంలో మైటోకాండ్రియా డీఎన్ఏ నకళ్లు కేంద్రకంలోనూ దూరి ఉన్నాయి. మీ సైటోక్రోమ్ బి సీక్వెన్స్ మధ్యలో స్టాప్ కోడాన్ (ప్రొటీన్ ఇక్కడితో ఆగాలని చెప్పే మూడక్షరాలు) వచ్చినా, ఒకేచోట రెండు శిఖరాలు కనిపించినా మీరు చదివింది నకలు కావచ్చు.

5. ప్లేటు అమర్చడం, ఆర్డరివ్వడం

అందరూ చేసే పెద్ద తప్పు ఇక్కడే ఉంది. ఒక అడవి శాంపిళ్లన్నీ ఒక ప్లేటులో (శాంపిళ్లు పోసే చిన్న గుంటల పలకలో), రెండో అడవివి ఇంకో ప్లేటులో పెట్టి, వేర్వేరు నెలల్లో పంపుతారు. తర్వాత రెండు అడవులకూ తేడా కనిపిస్తే అది అడవుల తేడానా, యంత్రాల తేడానా? చెప్పడం ఎవరి తరమూ కాదు. ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని పూర్తిగా సరిచేయలేదు. చీట్లు వేసి శాంపిళ్లను కలగలపండి. ఒకే జంతువు శాంపిల్‌ను కోడ్ మార్చి రెండుసార్లు పెట్టండి, చివర్లో ఈ జంట మీకు సాక్ష్యం చెబుతుంది.

ప్రతి శాంపిల్‌కూ రెండు వైపులా విడివిడి ఇండెక్సులు (ఏ రీడ్ ఏ శాంపిల్‌దో చెప్పే డీఎన్ఏ గుర్తులు) అడగండి, లేకపోతే ఒకదాని రీడ్లు ఇంకోదాని ఖాతాలో పడతాయి. నకలు రీడ్లు, తరుగు పోతాయి కాబట్టి లెక్కకన్నా 20 నుంచి 30 శాతం ఎక్కువ డేటా అడగండి. డబ్బు తక్కువైతే కొన్ని జంతువులను 20 రెట్లు చదివించడం కన్నా ఎక్కువ జంతువులను 2 నుంచి 4 రెట్లు చదివించడం నయం. అప్పుడు ఒక్కో జంతువు జీనోటైప్‌ను (దాని రెండు ప్రతుల్లో ఏ అక్షరాలున్నాయో) ఖాయం చేయకుండా సంభావ్యతలతో నడిచే ఆంగ్స్‌డీ లాంటి ప్రోగ్రామ్ వాడాలి.

6. రీడ్ల నుంచి స్నిప్‌ల దాకా

ఈ భాగానికి పాఠాలు బోలెడు ఉన్నాయి, వరస మాత్రం చెబుతాను. ఫాస్ట్‌పీతో రీడ్లు శుభ్రం చేయడం, బీడబ్ల్యూఏతో రెఫరెన్స్‌కు అతికించడం, శామ్‌టూల్స్‌తో క్రమబద్ధం చేసి నకళ్లను గుర్తించడం, బీసీఎఫ్‌టూల్స్‌తో స్నిప్‌లను గుర్తించడం, వడపోయడం.

వడపోతలో జాగ్రత్తలు:

- కొత్త రెండు రంగుల ఇల్యూమినా సీక్వెన్సింగ్ యంత్రాలు సిగ్నల్ లేకపోతే దాన్ని జి అని రాస్తాయి. రీడ్ చివర వరసగా జి-లు కనిపిస్తే కత్తిరించండి. పాత, కొత్త యంత్రాల డేటా కలిపేవాళ్లకు ఇది ప్రాణాంతకం.
- సగటుకన్నా రెండింతలకు మించి లోతున్న (అంటే రీడ్లు పడ్డ) చోట్లను తీసేయండి. రెండు ఒకేలాంటి జన్యువులు ఒకచోట కుప్పపడి ఉంటాయి. అన్ని జంతువులూ హెటిరోజైగస్‌గా (రెండు ప్రతుల్లో వేర్వేరు అక్షరాలతో) కనిపించే చోటు కూడా అలాంటిదే.
- అరుదైన స్నిప్‌లను తీసేసే వడపోత పీసీఏకు (జన్యుపరంగా దగ్గరివాటిని దగ్గరగా చుక్కలుగా చూపే గ్రాఫుకు) మంచిది, అరుదైన స్నిప్‌ల లెక్క మీదే ఆధారపడే టజిమా డి లాంటి కొలతలకు విషం. రెండింటికీ వేర్వేరు ఫైళ్లు పెట్టుకోండి.

ఫలితం బాగుందా అని ఎలా తెలుస్తుంది? క్షీరదాల్లో ట్రాన్సిషన్లకూ (ఏ-జి, సి-టి మార్పులు) ట్రాన్స్‌వర్షన్లకూ (మిగతా మార్పులు) నిష్పత్తి సుమారు 2 రావాలి. అది 0.5 వైపు జారుతుంటే మీరు చూస్తున్నది అసలు తేడాలు కాదు, పొరపాట్ల గందరగోళం (నాయిస్). మగ జంతువులో ఎక్స్ క్రోమోజోమ్ లోతు మిగతావాటిలో సగం ఉండాలి. నోట్‌బుక్‌లో "ఆడ" అని రాసినదానికి సగం వస్తే ట్యూబులు తారుమారయ్యాయి. మీరు రెండుసార్లు పెట్టిన జంట అచ్చు ఒకేలా రావాలి. మలం శాంపిళ్లలో తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు ప్రతుల్లో ఒకటి చదవకుండా జారిపోవడం మామూలే, కాబట్టి పీసీఆర్ కనీసం మూడుసార్లు చేసి పోల్చండి.

మ్యూజియం తోళ్లు, పాత ఎముకలు వాడేవాళ్లకు ఒక ప్రత్యేక హెచ్చరిక. చనిపోయాక డీఎన్ఏలో సి అక్షరం పాడై టి లాగా చదవబడుతుంది, ముఖ్యంగా ముక్కల చివర్లలో. సిమిలిపాల్ మార్పు కూడా సరిగ్గా సి నుంచి టి! 454వ అమైనో ఆమ్లానికి కోడ్ చేసే మొదటి అక్షరం, అంటే 1360వది, టి కావడంతో హిస్టిడిన్ బదులు టైరోసిన్ వస్తుంది. పాత తోలులో ఒకే ఒక రీడ్ చూసి "నూరేళ్ల కిందటే నల్ల పులి జన్యువు దొరికింది" అని రాస్తే పరువు పోతుంది. అనేక రీడ్లలో, వాటి మధ్య భాగాల్లో కనిపిస్తేనే నమ్మండి.

7. బంధువులను ఏరేయండి

స్నిప్‌లు రాగానే ప్రకృతి వరణం వెతకడానికి దూకకండి. ముందు కింగ్ ప్రోగ్రామ్‌తో బంధుత్వం చూడండి. విలువ 0.5 దగ్గరుంటే ఒకే జంతువు (లేదా ఒకే అండం నుంచి పుట్టిన కవలలు), 0.177 నుంచి 0.354 మధ్య ఉంటే తల్లీపిల్లలో, తోబుట్టువులో. ఒక్కో కుటుంబం నుంచి ఒక్కదాన్నే ఉంచండి. ఆ తర్వాతే పీసీఏ గీయండి. ఒక తల్లి నాలుగు పిల్లలు పీసీఏలో ప్రత్యేక "జనాభా"లాగా దూరంగా నిలబడతాయి, దాన్ని చూసి కొత్త ఉపజాతి దొరికిందని ఎగిరినవాళ్లు ఉన్నారు. చుక్కలకు ఒకసారి అడవి పేరును బట్టి, ఇంకోసారి ప్లేటు నంబరును బట్టి రంగులు వేయండి. ప్లేటు రంగులే విడిపోతుంటే ఐదో అడుగుకు తిరిగి వెళ్లాలి.

చిన్న జనాభాల్లో ఒక చిక్కుంది. పదిహేను పులులున్న అడవిలో అన్నీ బంధువులే, ఏరేస్తే ఏమీ మిగలదు. అప్పుడు ఏరకుండా, ఆ విషయం రాసి, సిమ్యులేషన్‌లో (కంప్యూటర్‌లో నడిపే ఊహా జనాభాలో) కూడా అలాంటి బంధుత్వమే పెట్టాలి.

8. గాలివాటాన్ని ముందు ఓడించండి

ఇప్పుడు అసలు పని. కాగితం, క్యాలిక్యులేటర్ తీసుకోండి.

సిమిలిపాల్‌లో 12 పులుల్లో ఆ మార్పు నిష్పత్తి 0.58. ఒక్కో పులికి రెండు ప్రతులు కాబట్టి, అంటే 24 ప్రతుల్లో 14. ఇంత చిన్న శాంపిల్‌లో దోషం ఎంత? 0.58ని 0.42తో గుణించి, 24తో భాగించి, వర్గమూలం తీయండి: 0.10. అంటే అసలు విలువ దాదాపు 0.38 నుంచి 0.78 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. ఈ వెడల్పు రాయకుండా ఒట్టి 0.58 రాయడం తప్పు.

అంకె నమ్మదగినదేనా? నల్లగా కనపడాలంటే రెండు ప్రతులూ మారి ఉండాలి. 0.58ని 0.58తో గుణిస్తే 0.34. కెమెరాలకు చిక్కినవి 37 శాతం. వేరే దారిలో వచ్చిన రెండు అంకెలు పక్కపక్కన నిలబడ్డాయి. మీ డేటాలోనూ ఇలాంటి ఎదురు తనిఖీ ఒకటి వెతుక్కోండి.

మిగతా చోట్ల చూసిన 395 పులుల్లో ఈ మార్పు ఒక్కదానిలోనూ లేదు. "ఎక్కడా లేదు" అని రాయకండి. 790 ప్రతుల్లో సున్నా వచ్చిందంటే, 3ని 790తో భాగిస్తే వచ్చే 0.4 శాతం కన్నా తక్కువ ఉండవచ్చని మాత్రమే అర్థం, అదీ అన్ని పులులనూ ఒకే గంపగా లెక్కేస్తే.

ఇక గాలివాటం. ఒక తరంలో నిష్పత్తి ఎంత ఊగుతుందో తెలియాలంటే, నిష్పత్తిని p అనుకుని, p ని (1−p) తో గుణించి, సంతానోత్పత్తిలో పాల్గొనే సంఖ్యకు రెండింతలతో భాగించి, వర్గమూలం తీయండి. నిష్పత్తి 0.25, ఆ సంఖ్య 10 అనుకుంటే ఊగులాట 0.097. సంఖ్య 1,000 అయితే 0.0097. అంటే పది జంతువుల అడవిలో ఏ లాభమూ లేకుండానే ఒక్క తరంలో పది శాతం అటో ఇటో పోవడం మామూలు. నాలుగైదు తరాలకు ఎక్కడికైనా చేరవచ్చు.

సిమిలిపాల్ బృందం చేసిందీ ఇదే, ఇంకా పకడ్బందీగా. ఆ ఒక్క చోట జనాభాల మధ్య తేడా, ఎఫ్‌ఎస్‌టీ, 0.33 వచ్చింది. పెద్ద అంకే. కానీ జీనోమ్‌లో మిగతా చోట్లతో పోలిస్తే అది విడిగా తేలలేదు, ఎందుకంటే ఆ అడవి పులులు మిగతావాటి నుంచి మొత్తంగానే విడిపోయి ఉన్నాయి. కొన్ని పులులతో మొదలైన జనాభా, ఆపై గాలివాటం, ఈ రెండిటితోనే అంత నిష్పత్తి రావచ్చని సిమ్యులేషన్లు చూపించాయి. ప్రకృతి వరణం లేనే లేదని దీని అర్థం కాదు, దాన్ని పిలవాల్సిన అవసరం పడలేదని అర్థం. ఈ రెండు వాక్యాల మధ్య తేడా వైవాలో తప్పకుండా అడుగుతారు.

మీరు చేయాల్సింది: మీ జనాభా పరిమాణం, వేరుపడిన కాలం అంచనా వేసి, స్లిమ్ లేదా ఎంఎస్‌ప్రైమ్ అనే సిమ్యులేషన్ ప్రోగ్రామ్‌లో ప్రకృతి వరణం లేకుండా వేలసార్లు నడపండి. మీరు చూసిన తేడా అందులో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. తరచుగా వస్తే కథ అల్లడం ఆపేయండి. "టాప్ ఒక శాతం" స్నిప్‌లను ప్రకృతి వరణం కింద ప్రకటించడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. ఏ జీనోమ్‌కైనా టాప్ ఒక శాతం ఉంటుంది కదా!

9. గాలివాటం చాలకపోతే

అప్పుడూ జీనోమ్ ఒక్కటే చాలదు, బయటి సాక్ష్యం కావాలి. మొజాంబిక్‌లోని గొరొంగోసా ఏనుగులను చూడండి. 1977 నుంచి 1992 దాకా సాగిన అంతర్యుద్ధంలో దంతాల కోసం ఏనుగులను ఊచకోత కోశారు. దంతాలు లేని ఆడ ఏనుగులు యుద్ధానికి ముందు 18.5 శాతం, తర్వాత 50.9 శాతం. జనాభా అంతగా కూలినప్పుడు గాలివాటం అనుమానం ఇక్కడా రావాలి. వచ్చింది కూడా. కానీ అదృష్టంతో ఇంత మార్పు రావడం దాదాపు అసాధ్యమని లెక్క తేల్చింది. దానికి తోడు ఎవరిని ఎందుకు చంపారో తెలుసు, పాత ఫొటోలు, వీడియోలు ఉన్నాయి, తల్లీపిల్లల్లో ఆ లక్షణం ఎక్స్ క్రోమోజోమ్ వెంట నడిచింది, జీనోమ్‌లో దంతాల నిర్మాణానికి సంబంధించిన ఏమెల్‌ఎక్స్ జన్యువు ఉన్న ప్రాంతం తేలింది. నాలుగు వైపుల నుంచీ సాక్ష్యం. మీ దగ్గర రెండు వైపులైనా లేకపోతే "ప్రకృతి వరణం కావచ్చు" అని రాసి ఆగండి.

10. డేటా పెట్టేటప్పుడు

ముడి రీడ్లు, వాడిన ఆదేశాలు, ఏ శాంపిల్ ఏ ప్లేటులో ఉందో చెప్పే పట్టిక, మూడూ పబ్లిక్ డేటాబేసులో పెట్టండి. జీపీఎస్ మాత్రం పెట్టకండి. పులి, అలుగు, నక్షత్ర తాబేలు లాంటి వాటికి జిల్లా పేరు చాలు. ఖచ్చితమైన చోటు అటవీశాఖకు ఇచ్చే నివేదికలోనే ఉండాలి. ఫొటోలు జతచేస్తుంటే వాటి లోపల దాగి ఉండే లొకేషన్ సమాచారాన్ని కూడా తుడిచాకే అప్‌లోడ్ బటన్ నొక్కండి.